ఒంటిగంట దాకా ఏమీ తినని ఇల్లు

1959 ఆగస్టు 9, ఆదివారం. బందరు. మధ్యాహ్నం ఒంటిగంట.

ఉన్నవారు: నేను. నా భార్య దీవెనమ్మ. గుడివాడ బళ్లో టీచరుగా ఉన్న మా అమ్మాయి సుగుణ. దివిసీమనుంచి వచ్చిన నా బావమరిది, అంటే దీవెనమ్మ తమ్ముడు, ఏసుదాసు. పక్కింటి దర్జీ ఖాదర్ సాహెబు. ఆయన భోజనానికి కాదు, కుట్టిన చొక్కా ఇవ్వడానికి వచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాడు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. కోర్టు రికార్డు గదిలో కీపరుగా ముప్ఫై ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఏ రోజు ఏ వేళకి ఎవరున్నారో రాసి పెట్టుకోకపోతే నాకు అన్నం సహించదు. ఏ వేళకి ఏం తిన్నానో కూడా రాసుకుంటాను.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కడుపులో పుండు నాది. చావుదాకా వెళ్లివచ్చింది మాత్రం దీవెనమ్మ. రెండింటికీ కారణం ఒక్కటే, అది నేను పెట్టిన భోజనాల వేళ. ఆమెని దాదాపు పోగొట్టుకున్నాను, అదీ తిండి దగ్గర, నిండుగా బియ్యం ఉన్న ఇంట్లో. పెన్షను పుచ్చుకుని, తోచక, కొత్త నియమాలు పట్టుకునే నా ఈడువాళ్లు చదవాలని రాస్తున్నాను. చదివి నన్ను ఏవగించుకుంటే మంచిదే. ఆ పాత డైరీలు తిరగేస్తుంటే నాకూ అదే కలుగుతోంది.

ఉద్యోగం ఉన్నన్నాళ్లు నా పద్ధతి అందరు గుమాస్తాల పద్ధతే. తొమ్మిదిన్నరకి అన్నం తిని కోర్టుకి వెళ్లడం, మూడింటికి టిఫిను, రాత్రి ఎనిమిదికి మళ్లీ అన్నం. 1956లో రిటైరయ్యాక తొమ్మిదిన్నరకి తినడానికి కారణం కనబడలేదు. అటువంటి సమయంలో, నాతో పనిచేసిన ఒకాయన ఒక చిన్న పుస్తకం ఇచ్చాడు. పొద్దున్నే తినడమే సర్వరోగాలకీ మూలమని అందులో ఉంది. మధ్యాహ్నం దాకా కడుపుకి సెలవిస్తే ఒంట్లో ఉన్న విషమంతా తనంతట తానే పోతుందట.

అది నాకు బాగా నచ్చింది. ఎందుకు నచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. కోర్టు లేదు, గంట లేదు, నా కోసం ఎదురుచూసే ఫైలు లేదు. ఈ పుస్తకం నాకు మళ్లీ ఒక టైము ఇచ్చింది. 1957 అక్టోబరు ఒకటో తేదీనుంచి మొదలుపెట్టాను. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు. ఒంటిగంట దాకా పళ్లకి పని లేదు. రాత్రి ఏడింటికి రెండో భోజనం. ఒక అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాసి వంటింటి గోడకి అంటించాను.

పుస్తకం కాఫీ కూడా మానమంది. ఆ ఒక్క పేజీ నేను పాటించలేదు. ఆరింటికి ఒకటి, ఎనిమిదింటికి ఒకటి, పదింటికి ఒకటి, ఖాళీ కడుపులో పోసుకునేవాణ్ణి. పదకొండయ్యేసరికి రొమ్ము కింద నిప్పు పెట్టినట్టుండేది. నోట్లోకి పుల్లటి నీళ్లు వచ్చేవి. వాటిని పెరట్లో ఉమ్మివచ్చి, చెయ్యి కడుక్కుని, డైరీ తీసి రాసేవాణ్ణి: "11.20. కడుపులో మంట. మంచి లక్షణం." ఇది ఒక రోజు కాదు. పేజీ తర్వాత పేజీ, అదే మాట, అదే దస్తూరీ. చదువుతుంటే ఆ పుల్లటి నీళ్లే మళ్లీ నోట్లోకి వస్తున్నాయి.

ఒంటిగంటకి పీట మీద కూర్చుని, ఆ మంట మీద గోంగూర పచ్చడి, కారం, వేడి అన్నం వేసేవాణ్ణి. తినగానే నెమ్మదించేది. అదే నియమం గొప్పదనానికి రుజువు అని అందరికీ చెప్పేవాణ్ణి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో నన్ను చూసి మనుషులు పక్కకి తప్పుకునేవారు. అది కూడా మర్యాద అనుకున్నాను.

దీవెనమ్మ సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పెళ్లయిన నాటినుంచి ఆమె నాకంటే ముందు ఎప్పుడూ తినలేదు. మా అమ్మ అలాగే చేసింది, వాళ్లమ్మా అలాగే చేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నేను తిని, కంచంలో చెయ్యి కడిగి లేస్తే, అప్పుడు ఆమె తన కంచం తీసుకునేది. నేను చెయ్యి కడిగిన నీళ్ల చప్పుడే ఆమెకి భోజనం గంట. నేను తొమ్మిదిన్నరకి తిన్నన్నాళ్లు ఆమె పదింటికి తినేది. నేను ఒంటిగంటకి మార్చాక, అయిదింటికి లేచి నీళ్లు తోడి, వాకిలి ఊడ్చి, వంట చేసే మనిషి రెండింటికి తినేది. అట్ట మీద ఆమె వేళ రాయలేదు. రాయాలని తోచలేదు.

సరే, ఆ ఆదివారం. దీవెనమ్మ గిలకలదిండి రొయ్యలు తెప్పించి ఇగురు చేసింది. నేనూ ఏసుదాసూ పీటల మీద కూర్చున్నాం. ఆడవాళ్లిద్దరూ వడ్డిస్తున్నారు.

"పొద్దున్నించీ కడుపు కాలిపోతోంది బావా. మీ ఇంటికొచ్చిన చుట్టానికి ఒంటిగంట దాకా ఈ శిక్షేంటి?" అన్నాడు ఏసుదాసు.

"అది ఆకలి కాదు. అలవాటు," అన్నాను.

"మా ఎడ్లు కూడా పొద్దున్నే ఇంత గడ్డి తిన్నాకే కాడి కిందకొస్తాయి."

"అందుకే అవి ఎడ్లు."

అరుగు మీదనుంచి ఖాదర్ సాహెబు కిటికీలోకి తల పెట్టాడు. "కీపరుగారూ, రంజాను నెల్లో మేమూ పొద్దంతా నోరు కట్టుకుంటామండీ. కాని తెల్లారకముందే సహరీ తినేస్తాం. మీరు ఆ పక్కా తినరు, ఈ పక్కా తినరు. ఇదేం లెక్క?"

"మీది నెల్లాళ్లు. నాది ఏడాది పొడుగునా," అన్నాను.

ఏసుదాసు నవ్వి, "ఖాదరు బావా, ఈయనకి నువ్వు చొక్కా ఎందుకు కుట్టావు? ఇంకో ఏడాదికి అది గోడ వంకెకి తగిలించుకోవడానికే," అన్నాడు.

సుగుణ గరిటె పట్టుకుని తల్లివైపు తిరిగింది. "అమ్మా, నువ్వు పొద్దున ఏమన్నా తిన్నావా?"

"ముందు వాళ్లని తిననీ," అంది దీవెనమ్మ.

ఆ మాట నాకు వినబడింది. డైరీలో లేదు.

పొద్దున్నే తినడం పశువుల అలవాటని, మనిషి దానికి పైన ఉండాలని నేను మొదలుపెట్టాను. రెండు వాక్యాలు అయ్యాయి. మూడో వాక్యం మధ్యలో కళ్ల ముందు గోడ పక్కకి జరిగింది. తర్వాత నా నోట్లోంచి వచ్చింది అన్నం కాదు. నల్లగా, కాఫీ మడ్డిలా, అడుగున ఎర్రగా. నా కంచం నిండి, ఏసుదాసు కంచంలోకి పోయింది. దాని వాసన ఇప్పటికీ చెప్పలేను. తుప్పు పట్టిన ఇనుమూ, కుళ్లిన పులుసూ కలిపినట్టుంది. ఏసుదాసు లేచి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. సుగుణ మొహం తిప్పుకుంది. దీవెనమ్మ ఒక్కతే ముందుకి వచ్చి, నా తల తన భుజానికి ఆనించుకుని, రెండో చేత్తో అదంతా కంచంలోకి తోసింది. ఆ పూట ఆమె తిన్నదో లేదో నాకు తెలియదు.

ఖాదర్ సాహెబు రిక్షా తెచ్చాడు. దారి పొడుగునా నా మూతి కింద తన భుజం మీది గుడ్డ పట్టాడు. అది ఆయన పనికి వాడే మంచి గుడ్డ.

ఆసుపత్రి పేరు చెప్పను. నాకు వాళ్లు మేలే చేశారు. కాని వరండాలో గడిపిన ఆ రెండు గంటలు మరిచిపోలేను. ఫినాయిలు వాసన, పసిపిల్లల ఏడుపు, నేల మీద తడి అడుగులు. బల్ల నిండా జనం. చేతికి గుడ్డ చుట్టుకున్న ఒక బెస్తవాడు లేచి, తన చోటూ పక్కవాళ్ల చోటూ ఖాళీ చేయించి, నన్ను పడుకోబెట్టాడు. తలకింద తన తువ్వాలు మడిచి పెట్టాడు. అది చేపల కంపు. నాకు మళ్లీ వాంతి వచ్చింది. మొహం ముడుచుకుని పక్కకి తిప్పాను. ఆ మనిషి అది చూశాడు. ఏమీ అనకుండా తువ్వాలు తీసి, తిరగేసి, కంపు తక్కువున్న వైపు పైకి పెట్టాడు. దెబ్బ తగిలిన చెయ్యి రెండో చేత్తో పట్టుకుని రెండు గంటలు నిలబడ్డాడు. నేను ఆయన పేరు అడగలేదు. అందరి పేర్లూ రాసుకునేవాణ్ణి.

డాక్టరుగారు నా కడుపు నొక్కి చూసి, "పొద్దున ఏం తింటారు?" అని అడిగారు.

"ఏమీ తిననండీ. రెండేళ్లు కావస్తోంది," అన్నాను. ఆ నీరసంలో కూడా మెచ్చుకుంటారనే అనుకున్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఒక పుస్తకంలో ఉందండీ."

"ఆ రాసినాయన పొద్దున్నే ఏం తింటాడో కనుక్కున్నారా?"

నర్సు నవ్వింది. డాక్టరుగారు నవ్వలేదు. ఖాళీ కడుపులో మూడు కాఫీలని చెప్పాక ఆయన కలం కిందపెట్టారు. కడుపులో పుండు పడి రక్తం కారుతోందని, ఇంకో వారం ఆగి ఉంటే చిల్లు పడేదని చెప్పారు. తర్వాత మంచం పట్టె పట్టుకుని నిలబడ్డ దీవెనమ్మని అడిగారు: "ఏమ్మా, మీదీ ఇదే నియమమా?"

ఆమె నోరు తెరిచేలోపు నేనే జవాబిచ్చాను. "ఆవిడకి ఏ నియమమూ లేదండీ. ఆవిడ ఇష్టం."

ఈ మాట నేను పడుకుని, గ్లూకోజు సూది చేతికి పెట్టుకుని, కళ్లు మూసుకుని అన్నాను. అబద్ధం అని తెలియకుండా అన్నాను. అదే ఎక్కువ రోత.

ఆసుపత్రిలో పదమూడు రోజులు. ఆగస్టు 22న రైల్లో గుడివాడ తీసుకువెళ్లారు. సుగుణ ఇంటికి దగ్గర్లో మంచి డాక్టరు ఉన్నాడని. ఆయన కూడా అదే చెప్పాడు: అక్టోబరు ఆఖరుదాకా అన్నం వద్దు, కారం వద్దు, కాఫీ మాట ఎత్తవద్దు. పొద్దున ఆరునుంచి రాత్రి ఎనిమిది దాకా రెండేసి గంటలకి ఒకసారి పాలు, లేకపోతే సగ్గుబియ్యం జావ, లేకపోతే పాలగుండ జావ.

నియమం అంటే చాలు, నాకు ప్రాణం లేచివచ్చింది. మంచంలోనే కాగితం గీసి పట్టిక తయారుచేశాను. రెండు గంటలకి ఒక జావ అంటే ఏమిటో వంటచేసేవాళ్లకే తెలుస్తుంది. కుంపటి రాజెయ్యాలి, కాచాలి, ఉండ కట్టకుండా కలపాలి, వడకట్టాలి, చల్లార్చాలి, తాగించాలి, గిన్నె తోమాలి. తోమేసరికి తర్వాతి వేళ. సుగుణ తొమ్మిదింటికి బడికి వెళ్లి అయిదింటికి వచ్చేది. అల్లుడు బియ్యం మిల్లులో గుమాస్తా, పొద్దున్నే వెళ్లిపోయేవాడు. పగలంతా ఇంట్లో నేనూ దీవెనమ్మా.

నాకు ఆ పాలంటే రోత పుట్టింది. నాలిక మీద తెల్లగా పొర. నా నోటి వాసన నాకే తెలిసేది. మీసానికి జావ అంటి ఎండిపోయేది. పసిపిల్లవాడి కంపు, ముసలివాడి కంపు రెండూ నా దగ్గరే. ఆ చిరాకు ఎవరి మీద చూపించాలో తెలియక ఉన్న ఒక్క మనిషి మీద చూపించాను.

సెప్టెంబరు 3. డైరీలో ఇలా ఉంది: "11.10. వంట వాసన వల్ల వికారం. ఆపించాను." జరిగింది ఇది. పది గంటల జావ అయ్యాక ఆమె కుంపటి మీద ఎండు రొయ్యలు వేయిస్తోంది. ఆ వాసన గదిలోకి వచ్చింది. ఇరవై అయిదు రోజులుగా అన్నం లేని నోరు ఊరింది. చేతిలో ఉన్న గ్లాసు గుమ్మం మీదికి విసిరాను.

"నేను అన్నం మొహం చూడక చస్తుంటే, నా ముక్కు కింద పోపులు పెట్టుకుని తింటావా?" అన్నాను.

ఆమె నావైపు చూడలేదు. చెంబుతో కుంపటి మీద నీళ్లు పోసింది. గ్లాసు ముక్కలు ఏరింది. పన్నెండింటికి నా పాలు వచ్చాయి.

ఆ రోజునుంచి పగలు ఆ ఇంట్లో కూర వండలేదు. నాకు హాయిగా ఉంది.

సుగుణ పొద్దున్నే అన్నం వండి, తల్లికోసం ఒక గిన్నెలో పెట్టి మూతవేసి వెళ్లేది. సాయంత్రం గిన్నె తోమి బోర్లించి ఉండేది. అయినా ఒకనాడు నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాన్నా, అమ్మ జాకెట్లన్నీ వదులైపోయాయి. ఖాదర్ మావయ్య మొన్న వేసంగిలో కుట్టినవే."

"రోగి ఉన్న ఇంట్లో ఎవరు లావెక్కుతారు?" అన్నాను.

"అమ్మ సరిగ్గా తింటోందా?"

"గిన్నె ఖాళీ అవుతోందిగా. నువ్వే చూస్తున్నావు."

"మీరు పగలంతా ఇక్కడే ఉంటారు. మీరు చూడరా?"

"నేను రోగిని," అన్నాను. సుగుణ వెళ్లిపోయింది. రెండు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. పిల్లకి కోపం ఎక్కువని రాసుకున్నాను.

అక్టోబరు 10న మమ్మల్ని ఏసుదాసు తన ఊరు తీసుకువెళ్లాడు. అవనిగడ్డ దాకా బస్సు, అక్కడినుంచి బండి. గాలి మారితే మంచిదని డాక్టరు అన్నాడు. నా ఒళ్లు అప్పటికే తేరుకుంది. బుగ్గలు వచ్చాయి. బండి దిగేటప్పుడు నేనే దూకాను. దీవెనమ్మ చక్రం పట్టుకుని నెమ్మదిగా దిగింది. అందరూ నన్ను చూసి సంతోషించారు.

ఏసుదాసు భార్య సారమ్మ మాటకారి, చేతికి ఎముక లేని మనిషి. ఆ ఇంట్లో పొద్దున్నే ఏడింటికల్లా కుండలో చద్దన్నం తీసి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని, ఎవరికి వారు తిని పొలానికి పోతారు. మొదటి రోజునుంచీ సారమ్మ దీవెనమ్మకో కంచం పెట్టేది.

"రా వదినా, కూచో."

"ఆయన పాలు అవనీ."

మళ్లీ అడిగితే, "ఇందాకే తిన్నా." మూడోసారి అడిగితే, "ఆకలి లేదే సారమ్మా, పుట్టింటికొచ్చిన సంబరం."

అక్టోబరు 17, శనివారం. పది గంటల పాల కోసం నేను ముందు పంచలో మంచం మీద కూర్చుని ఉన్నాను. దొడ్డివైపు గ్లాసు పడిన చప్పుడయింది. తర్వాత ఇంకేదో మెత్తగా పడిన చప్పుడు. నేను కూర్చున్నచోటే కూర్చుని అడిగిన మొదటి మాట: "పాలు ఒలికిపోయాయా?"

సారమ్మ కేక విని అప్పుడు లేచాను.

దీవెనమ్మ దొడ్డి గుమ్మంలో పక్కకి ఒరిగి పడి ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. పెదాలు సున్నం రంగు. ఏసుదాసు పొలంనుంచి పరిగెత్తుకొచ్చి ఆమెని రెండు చేతుల మీదా ఎత్తాడు. ఎత్తి, అలాగే నిలబడి, నా మొహం చూశాడు.

"బావా, అక్కలో బరువు లేదు," అన్నాడు. ఆ మనిషి గొంతులో వేళాకోళం లేకుండా నేను విన్నది అదే మొదలు.

అవనిగడ్డనుంచి డాక్టరు సైకిలు మీద వచ్చేసరికి ఒంటిగంట దాటింది. నాడి చూశాడు, కళ్ల రెప్పలు కిందికి లాగి చూశాడు, పాదాలు నొక్కాడు. నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఈమెకి జబ్బేమీ లేదు. తిండి లేదు," అన్నాడు. "చాలాకాలంగా లేదు. ఇప్పుడు గుండె బలహీనంగా కొట్టుకుంటోంది. ఒక్కసారిగా పెట్టినా ప్రమాదమే. చెంచాతో గంజి పొయ్యండి. మూడు రోజులు దాటితే చూద్దాం."

"దాటకపోతే?" అన్నాడు ఏసుదాసు.

ఆయన సైకిలు స్టాండు తీసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సారమ్మ నన్ను పంచలో నిలబెట్టి అడిగింది. "అన్నయ్యగారూ, మా వదిన రోజూ ఎన్నింటికి తింటుందో చెప్పండి."

సంచిలోంచి డైరీ తీశాను. అలవాటుగానే తీశాను, ఏ సంగతి అడిగినా కాగితంలో చూసి చెప్పడమే నాకు తెలుసు. పేజీలు తిప్పాను. నా కాఫీలు ఉన్నాయి, నా మంట ఉంది, నా విరోచనాలు ఉన్నాయి. సారమ్మ కాసేపు చూసి, "మీరు చదువుకున్నవాళ్లండీ," అని లోపలికి వెళ్లింది. తిట్టినా అంత రోత పుట్టేది కాదు.

మూడు రోజులు గంజి చెంచాలు. సుగుణ గుడివాడనుంచి వచ్చి తల్లి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నావైపు తల ఎత్తి చూడలేదు. పోసిన గంజి సగం పెదవి చివరనుంచి కారిపోయేది. దీవెనమ్మ స్పృహ వచ్చినప్పుడల్లా, "ఆయన పాలు తాగారా?" అని అడిగేది. ఆ మాట వినలేక నేను కాలవ గట్టు మీదికి వెళ్లి నిలబడేవాణ్ణి. మనిషి ఉంటుందో పోతుందో తెలియని ఆ మూడు రోజుల్లో కూడా వేళకి నాకు కడుపులో ఆకలి వేసింది. సారమ్మ ఇచ్చిన పాలు తాగాను. అదీ రాసి పెడుతున్నాను.

నాలుగో రోజు ఒంటికి కాస్త వేడి వచ్చింది. డాక్టరు మళ్లీ వచ్చి, నిలబడుతుంది అన్నాడు. కాని ఇకనుంచి పొద్దున ఏడింటికల్లా కడుపులో ఏదో ఒకటి పడకపోతే తను మళ్లీ రానవసరం లేదన్నాడు. ఆ మాట ఎవరి కోసం అన్నాడో అందరికీ తెలిసింది.

అక్టోబరు 21 సాయంత్రం, దీపాలు పెట్టేవేళ, ఆమె దిండుకి ఆనుకుని కూర్చుంది. నేను మంచం పక్కన పీట వేసుకున్నాను.

"గుడివాడలో గిన్నె రోజూ ఖాళీ అయ్యేదిగా?" అని అడిగాను.

"పాలు పోసే మనిషికి పెట్టేదాన్ని."

"ఎందుకు?"

ఆమె నెమ్మదిగా చెప్పింది. "మీరు తిని చెయ్యి కడుక్కుంటే నేను కంచం తీసేదాన్ని. పాలు తాగే మనిషి చెయ్యి కడుక్కోడుగా. ఎప్పుడు తినాలో నాకు తెలిసేది కాదు. ఒకరోజు మనసు కట్టుకుని నాలుగు రొయ్యలు వేయించుకుంటే, మీరు గ్లాసు విసిరారు. ఆ తర్వాత కంచం ముందు కూచుంటే ఆ గ్లాసే కనపడేది. రాత్రి మీరు పడుకున్నాక సుగుణ చూస్తుందని రెండు ముద్దలు తినేదాన్ని."

"నాకు చెప్పొచ్చుగా."

"ఏమని? ఆకలేస్తోందని చెప్పాలా మీకు?"

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నా మీద నాకు కలిగిన ఏవగింపు అప్పటికి ఎన్నోసారో, కాని ఆ పూట కలిగినది ఒంటికి పట్టుకుంది. ఇప్పటికీ వదలలేదు.

"రేపటినుంచి ముందు నువ్వు తిను. తర్వాతే నా పాలు," అన్నాను.

"అదెట్టా?"

"ఎట్టా ఏముంది? డాక్టరు చెప్పాడు."

"డాక్టరు మీకు కూడా చాలా చెప్పాడు," అంది. పడుకుని గోడవైపు తిరిగింది.

మర్నాడు, అక్టోబరు 22, గురువారం. పొద్దున ఏడింటికి సారమ్మ కంచంలో చద్దన్నం పెట్టి, పలచగా మజ్జిగ పోసి, ఒక ఉల్లిపాయ చితక్కొట్టి పక్కన పెట్టింది. దీవెనమ్మని లేపి కూర్చోబెట్టింది. నేను ఎదురుగా పీట మీద కూర్చున్నాను. ఈసారి నా కళ్లతో చూడాలని.

ఆమె ముద్ద కలిపింది. కలిపి, అలాగే పట్టుకుంది. నావైపు చూసింది, కంచంలోకి చూసింది. ముద్ద మళ్లీ కంచంలో పెట్టేసింది.

"తిను," అన్నాను.

"మీరట్టా ఎదురుగా కూచుంటే దిగదు."

"నిన్ను చూడాలనే కూచున్నాను."

"అందుకే దిగదు. మీరు బయటికి పొండి."

సుగుణ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. సారమ్మ, "లెండి అన్నయ్యగారూ, మీ నియమాలు బయట పెట్టండి," అని నన్ను గుమ్మం దాటించి తలుపు దగ్గరగా వేసింది.

ఏసుదాసు అప్పటికే తిని ఎడ్లు తోలుకుపోయాడు. పంచలో నేనొక్కణ్ణే. లోపల ఏమవుతోందో తెలియదు. తింటోందా, లేకపోతే మళ్లీ కంచం ముందు ఊరికే కూర్చుందా. తలుపు సందులోంచి చూడాలనిపించింది, చూడలేదు. కాలవలో పడవ ఒకటి పోయింది. ఎండ పంచలోకి సగం దాకా వచ్చింది. ఎంతసేపయిందో గడియారం చూసుకోలేదు. చూడాలంటే భయం వేసింది.

ఎప్పటికో తలుపు తెరుచుకుంది. దీవెనమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో నా పాలగ్లాసు పట్టుకుని వచ్చింది. సుగుణ వెనకే ఉంది, సాయం పట్టబోతే వద్దంది. గ్లాసు అందుకుంటుంటే ఆమె వేళ్లకి ఉల్లిపాయ వాసన వేసింది.

"చల్లారిపోయాయి," అన్నాను.

"తింటూ మధ్యలో లేవలేదు," అంది.

అవి అలాగే తాగాను.